కుందేళ్ళ గదిలో వచ్చిన జ్వరం

మా ఇంట్లో దయ్యం అనే మాటకు చోటు ఉండేది కాదు. చిన్నప్పుడు పెరటి చీకటిలోకి వెళ్ళడానికి నేను జంకితే నాన్న దీపం ఇచ్చేవాడు కాదు. చేయి పట్టుకుని తీసుకెళ్ళి గోడ, తొట్టి, కట్టెల మోపు అన్నీ తడిమించి, ఇంకేమైనా ఉందా అని అడిగేవాడు. ఏమీ ఉండేది కాదు. అలా పెరిగినదాన్ని. అలాంటి నాకు కూడా జవాబు దొరకని సంగతి ఒక్కటంటే ఒక్కటి జరిగింది. అది కూడా పట్టపగలు, మనుషులు చూస్తుండగా, థర్మామీటర్లు నా చేతిలో ఉండగా.

నాన్న మంఖాల్ దగ్గర ఒక చిన్న చర్చిలో ఉపదేశి. ఆడపిల్ల నడిచి వెళ్ళగలిగే దూరంలో హైస్కూలు లేదు కాబట్టి పదో తరగతి దాకా ఇంట్లోనే చదువు చెప్పి, ప్రైవేటుగా పరీక్ష రాయించారు. లెక్కలు నాన్న, తెలుగు అమ్మ. సైన్సు ఇద్దరికీ రాదు గనుక పుస్తకం ముందు పెట్టుకుని ముగ్గురం కలిసి నేర్చుకున్నాం. చూసింది చూసినట్టు చెప్పాలి, అనుకున్నది అందులో కలపకూడదు అన్నది నాన్న పెట్టిన నియమం. తర్వాత పట్నంలో డిగ్రీ చదివాను. ఉద్యోగం కూడా దొరికింది. ఇవన్నీ ఇచ్చినందుకు దేవునికి ఇప్పటికీ ప్రతి పొద్దున కృతజ్ఞతలు చెప్పుకుంటాను.

నేను చెప్పేది తొంభైలలోని మాట. శంషాబాద్ దాటాక బెంగుళూరు రోడ్డు నుంచి కొంచెం లోపలికి, సెలైను, గ్లూకోజు సీసాలు తయారుచేసే ఒక చిన్న కంపెనీ ఉండేది. ఇప్పుడు విమానాలు దిగే వైపు అప్పట్లో ద్రాక్షతోటలు, జొన్నచేలు. ఆ కంపెనీ ల్యాబులో నేను పరీక్షలు చేసేదాన్ని.

ల్యాబులో పని అంటే ఏవో రంగునీళ్ళు కలపడం అనుకుంటారు చాలామంది. మా పనిలో ఎక్కువ భాగం గాజుసామాను కడుక్కోవడం, ఎదురుచూడటం. అన్నిటికంటే కష్టం ఏమిటంటే, మనం కళ్ళతో చూసి చెప్పిన మాటను చూడనివాళ్ళు కాదనడం. అది అలవాటు కావడానికి చాలా కాలం పడుతుంది. నాకైతే కాలేదు.

మా దగ్గర కుందేళ్ళ గది ఒకటి ఉండేది. అది ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి. సీసాలోని నీళ్ళను ఎంత మరగబెట్టినా, చచ్చిన క్రిముల తాలూకు ఏదో ఒకటి ఒక్కోసారి అందులో మిగిలిపోతుంది. కంటికి కనిపించదు, రుచి ఉండదు, వాసన ఉండదు. నరంలోకి ఎక్కిస్తే మాత్రం మనిషికి చలి పుట్టి, ఒళ్ళు కాలిపోతుంది. అది ఉందో లేదో తెలుసుకోవడానికి ఆ రోజుల్లో కుందేలు ఒంటి వేడే ఆధారం. మూడు కుందేళ్ళను తల మాత్రం బయటికి వచ్చే చెక్కపెట్టెల్లో కూర్చోబెట్టి, చెవి నరంలోకి ఆ మందు ఎక్కించి, వెనకవైపు థర్మామీటరు పెట్టి, మూడు గంటలపాటు అరగంటకోసారి చూడాలి. వేడి పెరగకపోతే ఆ సరుకు మంచిది. పెరిగితే మొత్తం పారబోయాల్సిందే. దీన్ని మేము జ్వరం పరీక్ష అనేవాళ్ళం.

కుందేలు పిరికి జంతువు. కొత్త చెయ్యి తగిలినా, చప్పుడైనా దాని ఒళ్ళు వేడెక్కుతుంది. అందుకని ఆ గదిలో గట్టిగా మాట్లాడకూడదు, ఎవరు పడితే వాళ్ళు రాకూడదు. నేను, వాటికి గడ్డీ నీళ్ళూ చూసే యాదమ్మ, ఇద్దరమే. యాదమ్మది శంషాబాదే. భర్త పోయాడు. ఒక్కతే కూతురు అనసూయ. షాద్‌నగర్ దగ్గర పల్లెలో ఇచ్చింది. కుందేలును పెట్టెలో పెట్టేటప్పుడు "కూసో బిడ్డా, జరసేపే" అని బుజ్జగించేది. నాకింకా పెళ్ళి కాలేదని ఆటపట్టించేది. "నీ పెండ్లి చూసేదాక ఈ కుందేండ్లన్న బతుకుతయా అమ్మా?" అనేది. ఆమె నవ్వితే కుందేళ్ళు కూడా బెదిరేవి కావు.

అనసూయకు నెలలు నిండుతున్న రోజుల్లోనే ఒక సరుకు పరీక్షకు వచ్చింది. గ్లూకోజు సీసాలు. మూడు కుందేళ్ళకూ గంట దాటేసరికి ఒళ్ళు కాలిపోయింది. వణికిపోయాయి. నేను పనికిరాదని రాసి మా మేనేజరు దామోదర్ సారుకు ఇచ్చాను.

దామోదర్ సారు వేరే ప్రాంతం నుంచి వచ్చిన, చదువుకున్న మనిషి. చక్కగా, మెత్తగా మాట్లాడేవాడు. ఆ కాగితం చూసి నవ్వి, "కుందేళ్ళు భయపడ్డాయమ్మా. రోడ్డు మీద లారీ హారన్ కొట్టినా వాటికి వేడెక్కుతుంది. నీళ్ళు బాగానే ఉన్నాయి," అన్నాడు. మళ్ళీ పరీక్ష చేస్తానని నేనంటే, అవసరం లేదు, నేనే దగ్గరుండి చేస్తానన్నాడు. మర్నాడు నేను వెళ్ళేసరికి పరీక్ష అయిపోయింది, సరుకు పాసయింది అని చెప్పాడు. నేను కుందేళ్ళన్నిటినీ ఎత్తి చూశాను. ఒక్కదాని చెవికీ కొత్త సూది గుర్తు లేదు.

సంతకం పెట్టనన్నాను. "నువ్వు పెట్టకపోతే నాకు చెయ్యి లేదా?" అని నవ్వుతూనే పెట్టుకున్నాడు. ఆ సీసాలు అట్టపెట్టెల్లోకెక్కి గోదాములో కూర్చున్నాయి. కొనే వాళ్ళ లారీ రావడం ఆలస్యమైంది కాబట్టి అక్కడే ఆగాయి.

ఆ రోజుల్లో చిన్న ఆసుపత్రుల్లో మందులూ సీసాలూ రోగి తాలూకు వాళ్ళే తెచ్చుకోవాలి. కంపెనీలో పని చేసేవాళ్ళకు ఇంట్లో పురుడో జబ్బో వస్తే రెండు మూడు సీసాలు ఊరికే ఇచ్చే మర్యాద మా దగ్గర ఉండేది. యాదమ్మ వెళ్ళి అడిగింది. దామోదర్ సారు ఇవ్వమన్నాడు. ఏ పెట్టెలోంచి ఇవ్వాలని గోదాము చూసే యూసుఫ్ భాయ్ అడిగితే, ఈ సరుకు లెక్కకట్టి ఉంది, దీన్ని ముట్టుకోవద్దు, ఆ పక్కదాంట్లోంచి ఇవ్వు అన్నాడట. ఆ పక్కది ఏదో ఆయనకు తెలుసు. యూసుఫ్ భాయ్‌కి తెలియదు. నేను ఆ వేళ గదిలో పరీక్ష మధ్యలో ఉన్నాను. యాదమ్మ సీసాలను పాతచీరలో చుట్టుకుని, మా కంపెనీవే అని బస్సులో పక్కవాళ్ళకు చెప్పుకుంటూ షాద్‌నగర్ వెళ్ళింది.

కాన్పు బాగానే అయింది. ఆడపిల్ల. తల్లి నీరసంగా ఉందని సీసా ఎక్కించారు. మర్నాడు అనసూయ లేదు.

నేను చూడటానికి వెళ్ళినప్పుడు యాదమ్మ ఏడవడం లేదు. గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను పక్కన కూర్చోమని, మెల్లగా చెప్పింది.

"డబ్బాలల్ల కుందేండ్లు ఎట్ల వణికినయో గట్లనే వణికింది అమ్మా. పండ్లు తక తక కొట్టుకున్నయ్. అమ్మా, ఇంకో చెద్దరు గప్పు, ఇంకో చెద్దరు గప్పు అనుకుంటనే పోయింది. దవాఖానల ఉన్న చెద్దర్లన్ని గప్పిన."

ఖాళీ సీసాను ఆమె దాచుకుని తెచ్చింది. ఎందుకు తెచ్చిందో ఆమెకే తెలియదు, కంపెనీ సామాను గదా అంది. నేను దాని మీది నంబరు చూశాను. అదే సరుకు.

దామోదర్ సారు కూడా పరామర్శకు వచ్చాడు. పురుళ్ళలో ఇలాంటివి జరుగుతుంటాయని, అనసూయలో రక్తం లేదని, దేవుడు తీసుకెళ్ళాడని అన్నాడు. బయటికి వచ్చాక నేను ఆయనను ఆపి, ఆ సరుకు ఏం చేస్తారని అడిగాను. లారీ మరో వారంలో వస్తోంది, నువ్వు పరేషాన్ కాకు అన్నాడు. మా భాష మాట్లాడటం ఆయనకు ఎగతాళి.

గోదాములో ఎన్ని అట్టపెట్టెలున్నాయో నాకు తెలుసు. ఒక్కో పెట్టె ఏ ఊరి ఏ మంచం దగ్గర తెరుస్తారో తెలియదు. అది కళ్ళ ముందు కదిలితే అన్నం సహించేది కాదు.

ఆ సాయంత్రం ప్రార్థనకు మోకాళ్ళ మీద కూర్చున్నాను. పగ తీర్చుకోవడం మన పని కాదని నాన్న నేర్పాడు. నాకు బాగా తెలుసు. తెలిసే అడిగాను. ఆ పెట్టెలు గేటు దాటకూడదు అని అడిగాను. అనసూయ ఒంట్లో మండినది ఆయన ఒంట్లో కూడా మండాలి అని అడిగాను. శత్రువు మనసు మార్చమని అడగలేదు. మండాలనే అడిగాను. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ ప్రార్థనను వెనక్కి తీసుకోవాలని నాకు అనిపించడం లేదు.

మర్నాడు నాన్నను వెంటబెట్టుకుని పట్నం వెళ్ళి, మందుల మీద అధికారం ఉన్న ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చాను. ఉద్యోగం పోతుంది తెలుసా అని నాన్న బస్సులో ఒక్కసారి అడిగాడు. తెలుసన్నాను. ఇంక ఆ మాట ఎత్తలేదు. అందుకు ఆయనకు ఎంత రుణపడి ఉన్నానో ఆయన బతికుండగా చెప్పుకోలేకపోయాను.

లారీ రావాల్సిన రోజుకు ముందే ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. నడివయసు మనిషి, పాలమూరు వైపు ఆయన. నన్ను చూసి, "పరీక్ష మళ్ళ జేద్దాం బిడ్డా. నా ముంగటనే జెయ్యి. ఏమొస్తే గదే రాస్త," అన్నారు. గోదాముకు వెళ్ళి ముందు వరుసలోని పెట్టె విప్పించి, సీసాలు తన చేత్తోనే తీసుకున్నారు. దామోదర్ సారు అడ్డు చెప్పలేదు. చాలా స్థిమితంగా ఉన్నాడు. ఎందుకంత స్థిమితమో అప్పుడు అర్థం కాలేదు.

ఆ రోజే అనసూయ దినాలు. యాదమ్మ అల్లుడి ఊళ్ళో ఉంది. ఇది ముఖ్యం, ఎందుకంటే తర్వాత కొందరు ఆమే ఏదో చేసిందన్నారు. ఆమె ఆ వారమంతా శంషాబాద్‌లో లేదు. కుందేళ్ళను ముందురోజు నుంచీ నేనే చూసుకున్నాను, గదికి తాళం వేసింది నేను, తీసింది నేను. పొద్దున అన్నిటికీ వేడి చూశాను. అన్నీ మామూలుగానే ఉన్నాయి.

ఆ రోజు నేనొక పని అదనంగా చేశాను. మూడు కుందేళ్ళ పక్కన నాలుగోదాన్ని కూడా పెట్టెలో కూర్చోబెట్టి, దానికి సూది మాత్రం వెయ్యలేదు. భయం వల్లనే వేడెక్కుతుందని సారు అంటున్నాడు గదా, భయమే అయితే దీనికి కూడా ఎక్కాలి అని ఇన్‌స్పెక్టరు గారికి చెప్పాను. ఆయన తలూపారు. "నీ దగ్గర బుద్ధి బాగానే ఉందమ్మా," అన్నాడు దామోదర్ సారు. ఆయన, ఇన్‌స్పెక్టరు గారు తలుపు పక్కన కుర్చీల్లో కూర్చున్నారు.

సీసాలు గోరువెచ్చగా చేసి మూడింటి చెవుల్లోకి ఎక్కించాను. అరగంట అయింది. ఏ మార్పూ లేదు. దామోదర్ సారు కాలు మీద కాలు వేసుకుని, "చూడమ్మాయ్, వాటి ముందు ప్రార్థనలు గట్టిగా చెయ్యకు, బెదురుతాయి," అన్నాడు. నేను గడియారం చూసుకున్నాను.

మళ్ళీ చూసేటప్పటికి పాదరసం కదిలింది.

మూడింటికీ ఒకేలా కదిలింది. మామూలుగా అలా జరగదు. ఒకటి ముందు, ఒకటి వెనక, ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ ఉంటుంది. ఎన్నో ఏళ్ళు ఆ పని చేశాను, మూడు కుందేళ్ళకు ఒక్క గీత తేడా లేకుండా వేడి ఎక్కడం మళ్ళీ చూడలేదు. ముప్పైతొమ్మిది దగ్గర ఉండాల్సినవి నలభై ఒకటికి వచ్చాయి. చెవులు ఎర్రగా కాలుతున్నాయి. పళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు గదంతా వినిపించింది. ఇన్‌స్పెక్టరు గారు లేచి వచ్చి ఒకదాని వీపు మీద చెయ్యి పెట్టి, వెంటనే తీసేశారు. నాలుగోది, సూది వెయ్యనిది, పక్క పెట్టెలో ముక్కు కదుపుకుంటూ ప్రశాంతంగా కూర్చుని ఉంది. దాని వేడి పొద్దున ఎంతో అంతే.

"మరి ఇది భయపడలేదా సారూ?" అని నేను వెనక్కి తిరిగి అడిగాను.

దామోదర్ సారు రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని కుర్చీలో ముడుచుకుని ఉన్నాడు. ఆ కిటికీ వేయండి అన్నాడు. కిటికీ వేసే ఉంది. బయట మే నెల ఎండ. లోపల గోడ మీది వేడి కొలిచే గొట్టం చూశాను, రోజూ ఉండేంతే ఉంది. ఆయన గడ్డం వణుకుతోంది. ఆ గదిలో రెండు చోట్ల నుంచి పళ్ళు కొట్టుకునే చప్పుడు వస్తోంది, ఒకటి పెట్టెల్లోంచి, ఒకటి కుర్చీలోంచి.

ఇన్‌స్పెక్టరు గారు మొదట నవ్వారు. "సారుకు కూడా ఒకటి పెట్టు తల్లీ," అన్నారు.

మందుల డబ్బాలో కొత్త థర్మామీటరు ఉంటే కడిగి దామోదర్ సారు చంకలో పెట్టాను. నలభై ఒకటి. ఇన్‌స్పెక్టరు గారికి చూపించాను. ఆ తర్వాత ఆయన నవ్వలేదు.

యూసుఫ్ భాయ్‌ని పిలిచి పట్టుకోమన్నాం. గోనెపట్టా ఏదో దొరికితే కప్పాం. అప్పుడు దామోదర్ సారు కళ్ళు మూసుకుని, సన్నటి గొంతుతో అన్నాడు.

"ఇంకో చెద్దరు గప్పు."

రెండుసార్లు అన్నాడు. ఆయన దుప్పటిని దుప్పటి అనే మనిషి. ఇన్నాళ్ళు ఇక్కడ ఉన్నాడు గనుక ఆ మాట నోటికి వచ్చి ఉండొచ్చు, కాదనను. యాదమ్మ ఇంట్లో ఎవరి దగ్గరో విని ఉండొచ్చు. నేను మాత్రం కుందేళ్ళ పెట్టెను పట్టుకుని నిలబడ్డాను. పెట్టె వెచ్చగా ఉంది.

ఇన్‌స్పెక్టరు గారు అక్కడికక్కడే గోదాముకు సీలు వేశారు. లారీ ఖాళీగా తిరిగిపోయింది. తర్వాత ఆ సరుకంతా కంపెనీ వెనక గొయ్యి తవ్వించి పగలగొట్టించారు. నేను దగ్గర నిలబడి చూశాను. ఒక్కో పెట్టె గోతిలో పడుతుంటే దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. దామోదర్ సారు ఉద్యోగం పోయింది, నాది నిలిచింది. కేసు కూడా పెట్టారు.

ఇక్కడితో అయితే, చెడ్డ సరుకు వల్ల కుందేళ్ళకు జ్వరం వచ్చింది, చెడ్డవాడికి అదే రోజున ఏ మలేరియానో తగిలింది అనుకోవచ్చు. నేను కూడా అలాగే అనుకోవాలని చూశాను.

పరీక్ష మర్నాడు యూసుఫ్ భాయ్ నా దగ్గరికి వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని ముందే తెలిసి దామోదర్ సారు ముందు వరుస పెట్టెల్లోని సీసాలు మార్పించాడట. మంచి సరుకు సీసాలకు చెడ్డ సరుకు నంబరు చీటీలు అంటించి అక్కడ పెట్టారట. అంటించినది తానేనని చెప్పి ఏడ్చాడు. "ఆ నీళ్ళు సాఫ్ నీళ్ళమ్మా. అవి ఎట్ల వేడి జేసినయ్?" అన్నాడు.

నేను నమ్మలేదు. ఆ పరీక్షలో వాడిన సీసాల్లో మిగిలిన మందు నా బల్ల మీదే ఉంది. వేరే మూడు కుందేళ్ళను తీసి, అదే మందు అంతే ఎక్కించాను. మూడు గంటలూ కదలకుండా కూర్చున్నాను. పాదరసం కదల్లేదు. మూత తీసి ఒక రోజు ఉంచిన మందు చెడితే చెడుతుంది గాని, చెడ్డది మంచిదైపోదు. అంటే ముందురోజు నేను ఎక్కించింది మంచి మందే.

చెడ్డ సరుకు నిజంగా చెడ్డదేనా అన్న అనుమానం కూడా మిగలకూడదని, యాదమ్మ తెచ్చిన ఖాళీ సీసా అడుగున మిగిలిన తడి మీద ఆధారపడకుండా, వెనక వరుసలోంచి సీలు వేయకముందే యూసుఫ్ భాయ్ తీసి పెట్టిన సీసా ఒకటి పరీక్షించాను. గంట దాటేసరికి కుందేళ్ళు కాలిపోయాయి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ, రోజూ జరిగే తీరులోనే.

ఈ మాట మేమిద్దరం ఇన్‌స్పెక్టరు గారికి చెప్పలేదు. చెబితే పరీక్ష చెల్లదంటారు, గోదాము తెరుస్తారు, మళ్ళీ ఎవరి చేతిలోకో పోతుంది. ఆ పెట్టెలు పగిలేదాకా నోరు మెదపకూడదని ఇద్దరం అనుకున్నాం. అది తప్పని నేను అనుకోవడం లేదు. యూసుఫ్ భాయ్ మసీదుకు వెళ్ళి ఏం చెప్పుకున్నాడో నాకు తెలియదు.

కొన్ని నెలల తర్వాత దామోదర్ సారు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. మధ్యాహ్నం ఎండలో శాలువా కప్పుకుని ఉన్నాడు. గుర్తుపట్టలేనంతగా చిక్కిపోయాడు. నాన్న కుర్చీ వేసి మంచినీళ్ళు ఇచ్చాడు. ఆ జ్వరం పోవడం లేదని చెప్పాడు. పగటిపూటే వస్తుందట, గంటసేపు కాల్చి వదిలేస్తుందట. పెద్ద ఆసుపత్రుల్లో చూపించుకున్నాడు, ఏమీ లేదన్నారట. చలి పుట్టినప్పుడు సీసా ఎక్కించబోతే, సూది చూడగానే మంచం మీద నుంచి దూకేస్తున్నాడట.

నా పని నేను చేశాను. జ్వరం ఉండగానే, సూది కనబడకుండా ఆయన ముఖం పక్కకు తిప్పించి, రక్తం తీసి, గాజుపలకల మీద పరిచి, కంపెనీలో సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాను. మలేరియా లేదు. కొంత రక్తాన్ని క్రిములు పెరిగే మందులో వేసి ఉంచాను. వారం తర్వాత కూడా ఏదీ పెరగలేదు. శుభ్రమైన రక్తం.

మళ్ళీ వచ్చినప్పుడు ఫలితం చెబితే ఆయన తల దించుకుని, "యాదమ్మను ఒక్కమాట అనమను. క్షమించానని అనమను. నువ్వు చెబితే వింటుంది," అన్నాడు. ఆయన నన్ను బతిమాలుతున్నాడు. నాకు జాలి కలుగుతుందేమోనని ఎదురుచూశాను. కలగలేదు.

అయినా వెళ్ళాను. యాదమ్మ వాకిట్లో పీట వేసుకుని, చాపిన కాళ్ళ మీద మనవరాలిని పడుకోబెట్టి నూనె రాస్తోంది. పిల్ల గుండ్రంగా ఉంది. నేను చెప్పాల్సింది చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు. పిల్లను బోర్లా తిప్పి వీపుకు రాస్తూ అంది.

"నేనేమన్న అన్ననా అమ్మా? ఒక్క మాట అనలే. శాపనార్థాలు పెట్టలే, మొక్కులు మొక్కలే. నాకు ఈ పోరితోనే తీరుతలేదు."

మరి ఆయనకు ఏం చెప్పమంటావు అన్నాను.

"నా బిడ్డను అడుగుమను. అది బతికున్నప్పుడే నా మాట ఇనకపోతుండె. ఇప్పుడు ఇంటదా?"

అని, నా ముఖం చూసి నవ్వింది. అనసూయ పోయాక ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. పిల్ల కూడా ఎందుకో కిలకిలమంది. తర్వాత చెంబుతో వేణ్ణీళ్ళు ముంచి, మోచేత్తో వేడి చూసుకుని, పిల్ల తల మీద పోసింది.

ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు దామోదర్ సారుకు చెప్పాను. బస్‌స్టాండులో ఆయన నా కోసం ఎదురుచూస్తున్నాడు. విని, శాలువా బిగించుకుని, వచ్చిన బస్సెక్కి వెళ్ళిపోయాడు. మళ్ళీ కనిపించలేదు. ఆయన ఉన్నాడని, జ్వరం కూడా ఉందని చాలా ఏళ్ళ తర్వాత ఎవరో చెప్పారు.

శుభ్రమైన నీళ్ళకు కుందేళ్ళు ఎందుకు కాలాయో, ఏ సూదీ పడని మనిషికి అదే జ్వరం ఎలా వచ్చిందో తెలుసుకోవాలని పుస్తకాలు చదివాను, నాకంటే చదువుకున్నవాళ్ళను అడిగాను. యూసుఫ్ భాయ్ అబద్ధం చెప్పాడేమో అన్నారు. థర్మామీటర్లు చెడిపోయాయేమో అన్నారు. అవి చెడలేదు, నేను సరిచూశాను. యూసుఫ్ భాయ్ అబద్ధం చెప్పలేదు, ఆ సంగతి కుందేళ్ళే తేల్చాయి. ఇంతకు మించి నా దగ్గర ఏమీ లేదు. దయ్యం అనను. దేవుడు అనడానికి కూడా నాకు ధైర్యం చాలడం లేదు.

నాకు మేలు చేసినవాళ్ళ పేర్లు, కీడు చేసినవాళ్ళ పేర్లు కూడా చెప్పి ప్రార్థించడం మా ఇంటి అలవాటు. ఇప్పటికీ పొద్దున్నే అందరి పేర్లూ వరుసగా చెబుతాను. యాదమ్మ, యూసుఫ్ భాయ్, ఆ ఇన్‌స్పెక్టరు గారు, అనసూయ కూతురు. ఆ తర్వాత రావలసిన పేరు దగ్గర ప్రతిరోజూ ఆగుతాను. ఆ పేరు చెప్పకుండానే ఆమెన్ అంటాను.